లాగ్‌ను చేత్తో ఎత్తిరాయండి: సర్క్యూట్ సిమ్యులేషన్ చేసేవారికి సలహాలు

సర్క్యూట్ సిమ్యులేషన్ నేర్చుకునే పిల్లలకూ, డిజైన్ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకూ నేను ముందుగా చెప్పేది ఒకటే. లాగ్ ఫైల్లోంచి కొలతలు ఏరిపెట్టే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఇప్పటికే కంప్యూటర్లో ఉంటే ఇవాళే తీసేయండి. దాని స్థానంలో గీతల లాంగ్ నోటుబుక్కు ఒకటి, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, ఒక స్కేలు తెచ్చుకోండి. క్షణాల్లో అయ్యే పనికి రెండు గంటలు పెట్టమంటున్నానేమిటని మీకు అనిపిస్తుంది. అవును, పెట్టమనే అంటున్నాను. మీ సర్క్యూట్ మీకు అర్థమయ్యేది ఆ రెండు గంటల్లోనే.

పని ఎలా జరుగుతుందో ముందు చూద్దాం. స్పైస్ కుటుంబపు సిమ్యులేటర్లలో ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్, హెచ్‌స్పైస్, ఏది వాడినా సర్క్యూట్‌తో పాటు మెజర్ ఆదేశాలు రాస్తాం. అవుట్‌పుట్ సగటు ఎంత, గరిష్ఠం ఎంత, 10 శాతం నుంచి 90 శాతానికి ఎక్కడానికి ఎంతసేపు పట్టింది, ఇలాంటివి. సిమ్యులేషన్ ముగిశాక ఆ జవాబులు ఫైల్లోకి ఎక్కుతాయి. ఎల్‌టీస్పైస్ అయితే సర్క్యూట్ ఫైలు పక్కనే అదే పేరుతో లాగ్ ఫైలు పెడుతుంది. హెచ్‌స్పైస్ ట్రాన్సియెంట్ కొలతలకు ఎమ్‌టీ0, ఏసీ కొలతలకు ఎమ్‌ఏ0 అంటూ వేరే ఫైళ్లు రాస్తుంది. స్టెప్ ఆదేశంతో ఒక రెసిస్టర్ విలువను మార్చుకుంటూ పోతే ఎల్‌టీస్పైస్ లాగ్‌లో ఒక్కో కొలతకు ఒక్కో పట్టిక తయారవుతుంది. ఆ పట్టికలన్నీ ఏరి, వరసలు కలిపి, ఎక్సెల్‌లో తెరుచుకునేలా ఇచ్చే పనిముట్లు ఉన్నాయి. పైథాన్‌లో పైఎల్‌టీస్పైస్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. అందులో ఎల్‌టీస్టెప్స్ అనే చిన్న ప్రోగ్రామును సరిగ్గా ఈ పనికే రాశారు. చక్కగా రాసిన ప్రోగ్రామే. దాని పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ పనిని ప్రోగ్రాముకు అప్పగించడమే తప్పంటాను.

ఎందుకు తప్పో లాగ్ తెరిస్తే తెలుస్తుంది. ఎల్‌టీస్పైస్ లాగ్‌లో మొదట్లోనే సర్క్యూట్ ఫైలు దారి ఉంటుంది. మీరు నడిపాననుకున్న ఫైలూ నిజంగా నడిచిన ఫైలూ ఒకటేనా అన్నది అక్కడే తేలుతుంది. ఆ కింద ఫలానా నోడు దేనికీ కలవకుండా తేలుతోందని హెచ్చరిక ఉండొచ్చు. తర్వాత డీసీ ఆపరేటింగ్ పాయింట్ ఎలా దొరికిందో రాసి ఉంటుంది. నేరుగా న్యూటన్ ఇటరేషన్‌తో దొరికిందా, అది కుదరక జీమిన్ స్టెప్పింగ్‌కు వెళ్లాల్సి వచ్చిందా, అదీ కుదరక సోర్స్ స్టెప్పింగ్ దాకా పోయిందా? జీమిన్ స్టెప్పింగ్‌లో సర్క్యూట్‌కు ముందు పెద్ద కండక్టెన్స్ తగిలించి, జవాబు దొరకబుచ్చుకుని, ఆ కండక్టెన్స్‌ను క్రమంగా తగ్గించుకుంటూ వస్తారు. సోర్స్ స్టెప్పింగ్‌లో సప్లైలను సున్నా దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

ఆపరేటింగ్ పాయింట్ ఎలా దొరికిందో చెప్పే ఈ వరస ఎంత విలువైనదో చెబుతాను. కొన్ని సర్క్యూట్లకు ఒకటికి మించి నిలకడ స్థితులు ఉంటాయి. లాచ్‌కు రెండు ఉంటాయి. బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్‌కు మనకు కావలసిన స్థితితో పాటు కరెంటే పారని స్థితి కూడా ఉంటుంది. అందుకే దానికి స్టార్టప్ సర్క్యూట్ పెడతాం. అలాంటి చోట సిమ్యులేటర్ ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టి ఏ స్థితిలో ఆగిందో మారిపోవచ్చు. కొలతలు ఏరే ప్రోగ్రాము ఈ వరసను దాటుకుని పోతుంది. దానికి కావలసినవి కొలత పేరూ, పక్కనున్న అంకే. మీరు చేత్తో ఎత్తిరాయడానికి కూర్చుంటే మాత్రం కన్ను పైనుంచి కిందికి రావాల్సిందే. దారిలో ఆ వరస తగులుతుంది.

లాగ్‌లో ఇంకో సంగతి ఉంది. టెంపరేచర్ 27, నామినల్ టెంపరేచర్ 27 అని రెండు వరసలు. మీరు ఏమీ చెప్పకపోతే స్పైస్ సర్క్యూట్‌ను 27 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే దాదాపు 300 కెల్విన్‌లో నడుపుతుంది. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పొలం గట్టున మోటారు స్టార్టర్ డబ్బాలో ఉండాల్సిన సర్క్యూట్‌కు ఆ ఇనుప డబ్బా లోపల ఇంకా ఎక్కువ వేడి. 27 అన్న అంకెను చేత్తో రాసినప్పుడల్లా ఇది ఎక్కడ పనిచేయాల్సిన సర్క్యూట్ అన్న ప్రశ్న వస్తుంది. ఎక్సెల్ షీటులో ఆ ప్రశ్న రాదు, ఎందుకంటే ఆ వరసే షీటులోకి రాదు.

ఎల్‌టీస్పైస్ కొన్ని వెర్షన్ల లాగ్‌లో మొత్తం ఇటరేషన్లు ఎన్ని, ఎన్ని టైమ్ పాయింట్లు ఒప్పుకున్నారు, ఎన్ని తిరస్కరించారు అన్న లెక్కా ఉంటుంది. ఒక చిన్న మార్పు చేశాక తిరస్కరించిన పాయింట్లు అమాంతం పెరిగితే సర్క్యూట్‌లో ఎక్కడో పదునైన అంచు పుట్టిందని అర్థం. ఈ లెక్కను కూడా నోటుబుక్కులో రాయండి. రాస్తూ పోతే కొన్నాళ్లకు ఏ అంకె మామూలు, ఏది మామూలు కాదు అన్నది కంటికి పట్టుబడుతుంది.

ఇక నోటుబుక్కు సంగతి. పేజీకి ఆరు నిలువు గీతలు గీయండి. మొదటి గడిలో రన్ తేదీ, ఫైలు పేరు. రెండో గడిలో మీరు మార్చినది. మూడో గడిలో మీరు ఊహించిన విలువ. నాలుగో గడిలో లాగ్ చెప్పిన విలువ. అయిదులో కొలత ఎక్కడినుంచి ఎక్కడిదాకా జరిగిందో ఆ రెండు సమయాలు. ఆరో గడి హెచ్చరికలకు, ఎర్ర పెన్నుతో. మూడో గడి నిండకుండా రన్ బటన్ నొక్కకూడదు. ఇది నియమం. కష్టమైనా పాటించండి.

ఊహించిన విలువ ముందే రాయడం మీద నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 1 కిలోఓమ్ రెసిస్టరు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉన్న లోపాస్ ఫిల్టర్ తీసుకోండి. టైమ్ కాన్‌స్టాంట్ 1 మిల్లీసెకను. రైజ్ టైమ్ దానికి 2.2 రెట్లు, అంటే 2.2 మిల్లీసెకన్లు. కటాఫ్ దాదాపు 159 హెర్ట్జ్. 0.35ను ఆ 159తో భాగిస్తే మళ్లీ 2.2 మిల్లీసెకన్లే రావాలి. ఇదంతా పెన్ను పట్టుకుని అర నిమిషంలో చేయొచ్చు. ఇప్పుడు రెసిస్టరును 1 మెగఓమ్‌కు పెంచి, కెపాసిటరును 1 నానోఫారడ్‌కు దించండి. టైమ్ కాన్‌స్టాంట్ మారకూడదు. కానీ మెగా అనుకుని పెద్ద ఎమ్ ఒక్కటే రాశారనుకోండి, స్పైస్‌కు పెద్దా చిన్నా అక్షరాల తేడా లేదు. ఎమ్ అంటే మిల్లీ. మెగాకు మూడు అక్షరాలూ రాయాలి. మీ రెసిస్టరు 1 మిల్లీఓమ్ అయింది, ఫిల్టర్ మాయమైంది, అవుట్‌పుట్ ఇన్‌పుట్ వెంటే నడిచింది. ఎర్రర్ రాదు. కొలత వస్తుంది, అందమైన అంకె వస్తుంది, ప్రోగ్రాము దాన్ని పట్టికలో పెడుతుంది. మూడో గడిలో 2.2 అని రాసుకున్నవాడు మాత్రం నాలుగో గడి రాయబోతూ ఆగుతాడు. కెపాసిటర్‌కు 1 పక్కన ఎఫ్ రాస్తే ఫారడ్ కాదు, ఫెమ్టో. అదీ ఇలాగే పట్టుబడుతుంది.

అంకెలు ఎన్ని రాయాలి? మూడు. 3.30127 అని లాగ్‌లో ఉంటే 3.30 అని రాసి ఆపండి. స్పైస్‌లో సాపేక్ష సహనపు హద్దు మామూలుగా 0.001. వెయ్యిలో ఒక వంతు దగ్గర సిమ్యులేటర్ తృప్తిపడి ఆగిపోతుంది. ఆ తర్వాతి అంకెలను నమ్మమని అది మీకు మాటివ్వలేదు. పైగా ఎల్‌టీస్పైస్ మెజర్ ఆదేశాలను సిమ్యులేషన్ అయ్యాక, దాచిన వేవ్‌ఫారమ్ మీద లెక్కిస్తుంది. ఫైలు సైజు తగ్గించడానికి ఆ వేవ్‌ఫారమ్‌ను ముందే కుదించి ఉంటుంది. ప్లాట్‌విన్‌సైజ్ అనే ఆప్షన్‌ను సున్నా చేస్తే తప్ప ఆ కుదింపు ఆగదు. సాఫ్ట్‌వేర్ ఈ సంగతులేవీ చూడకుండా ఉన్న అంకెలన్నీ ఎక్సెల్‌కు మోస్తుంది. అన్నన్ని అంకెలున్న పట్టిక చూసి మీటింగులో అందరూ తల ఊపుతారు. మైక్రోవోల్టుల తేడాలు కావలసినవాళ్లు ఏం చేయాలని అడుగుతారు. రెండు పెద్ద అంకెలు రాసుకుని తీసివేయకండి. ఆ తేడానే ఒక కొలతగా సిమ్యులేటర్‌ను అడగండి, దానికి మూడు అంకెలు రాయండి.

అందరూ నాతో గొడవపడే సలహా తర్వాతది. మీరు ఎన్ని వరసలు ఎత్తిరాయగలరో అన్ని రన్లే వేయండి. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

చిప్ డిజైన్‌లో ప్రాసెస్ మూలలు అయిదు: టీటీ, ఎస్ఎస్, ఎఫ్ఎఫ్, ఎస్ఎఫ్, ఎఫ్ఎస్ (ట్రాన్సిస్టర్లలో టీ అంటే మామూలు, ఎస్ అంటే నెమ్మది, ఎఫ్ అంటే వేగం). ఉష్ణోగ్రతలు సాధారణంగా మూడు: మైనస్ 40, 25, 125. సప్లై వోల్టేజీ మూడు. గుణిస్తే 45. లాంగ్ నోటుబుక్కులో పేజీన్నర. ఒక మధ్యాహ్నం పని. ఇది మనిషి పట్టుకోగల లెక్క. మోంటేకార్లో పేరుతో, భాగాల విలువలను యాదృచ్ఛికంగా మారుస్తూ వెయ్యి రన్లు వేసేవాళ్లు ఆ వెయ్యిలో ఒక్కదాన్నీ చూడరు. హిస్టోగ్రామ్ చూస్తారు, సగటు చూస్తారు, సిగ్మా చూస్తారు. నార్మల్ పంపిణీ అయితే మూడు సిగ్మాలు దాటేవి వెయ్యికి సుమారు 3 ఉంటాయి, వాటిని పట్టుకోవడానికే వెయ్యి కావాలంటారు. నేను ఒప్పుకోను. ఆ మూడు ఎందుకు దాటాయో తెలుసుకోకపోతే అవి దొరికి ప్రయోజనం ఏమిటి? మీ సర్క్యూట్‌లో ఫలితాన్ని నిజంగా కదిలించే భాగాలు అయిదు ఏరండి. ఒక్కోదాన్ని టాలరెన్స్ పై హద్దులో ఒకసారి, కింది హద్దులో ఒకసారి పెట్టండి. రెండును అయిదుసార్లు గుణిస్తే 32 వరసలు. ఆ 32నూ రాయండి. ఏ భాగం పైకి నెడుతోందో, ఏది కిందికి లాగుతోందో మీ చేతికే తెలుస్తుంది. మా సర్క్యూట్‌లో అయిదు కాదు, యాభై ముఖ్యం అంటే, ఆ యాభైలో ఏ అయిదు ముఖ్యమో మీరు ఇంకా కనుక్కోలేదన్నమాట. ముందు ఆ పని చేయండి.

ఎత్తిరాయడం ఇద్దరు కలిసి చేయాలి. ఒకరు లాగ్ చూసి పైకి చదవాలి, రెండోవారు రాయాలి, రాసినవారు తిరిగి చదివి వినిపించాలి. పద్దుల పుస్తకాలు సరిచూసే గుమాస్తాలు ఇలాగే చేసేవారు. పైకి చదివితే మైనస్ గుర్తు వినబడుతుంది. సప్లై కరెంటు స్పైస్‌లో మైనస్‌లో వస్తుంది, ఎందుకంటే వోల్టేజ్ సోర్స్ ప్లస్ కాలులోంచి లోపలికి వెళ్లే కరెంటును అది ధనాత్మకంగా లెక్కిస్తుంది. కాబట్టి మైనస్ ఉండడమే సరి. ఏదో ఒక వరసలో ప్లస్ వస్తే సర్క్యూట్ సప్లైలోకే కరెంటు తోస్తోందని అర్థం. చదివేవారి గొంతు అక్కడ ఆగుతుంది.

ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి నా పక్కన కూర్చుని రాస్తూ అడిగింది. "ఇదంతా స్క్రిప్టుకిస్తే టీ తాగొచ్చేలోపు అయిపోతుంది కదండీ సార్?"

"అయిపోతుందమ్మా. మరి ఏడో వరసలో రైజ్ టైమ్ రెట్టింపు ఎందుకయిందో స్క్రిప్టు చెబుతుందా?"

ఆ అమ్మాయి వెనక్కి వెళ్లి ఏడో వరసలోని రెండు సమయాలు చూసింది. మొదటి రైజ్ అని అడిగిన కొలత, అవుట్‌పుట్ ఊగిసలాడుతూ 10 శాతం హద్దును పలుమార్లు దాటుతుంటే, మొదట దాటిన చోటును పట్టుకుంది. మనకు కావలసింది చివరిసారి దాటిన చోటు. సమయాలు ఎత్తిరాశాం కాబట్టి ఇది తెలిసింది. అందుకే అయిదో గడిని ఎవరు ఎంత అడిగినా కొట్టేయనివ్వను.

కొలత ఫెయిలయిందని లాగ్‌లో కనబడితే ఏం చేయాలి? ఎల్‌టీస్పైస్ ఆ కొలత పేరు రాసి ఫెయిల్ అని స్పష్టంగా చెబుతుంది. హెచ్‌స్పైస్ పట్టికలో అంకె ఉండాల్సిన చోట ఫెయిల్డ్ అన్న మాట ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ చోట ఖాళీ వదిలి ముందుకు సాగుతుంది, మీరు మిగిలిన 44 వరసల సగటు తీసుకుంటారు. ఇంతకన్నా ప్రమాదకరమైన సగటు లేదు. కొలత ఎందుకు ఫెయిలవుతుంది? అవుట్‌పుట్ 90 శాతాన్ని ఎప్పటికీ చేరలేదు కాబట్టి. అంటే మీ సర్క్యూట్ ఓడిపోయిన ఒకే ఒక్క మూల అదే, పట్టికలోంచి పోయిందీ అదే. నా సలహా ఇది: ఫెయిల్ అన్న మాట కనబడిన రోజు ఆ పేజీ మొత్తం ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేయండి. మంచి వరసలను కూడా. కారణం దొరికేదాకా ఇంకో రన్ వేయకండి, ఆ సర్క్యూట్ గురించి ఎవరికీ మెయిల్ పంపకండి. పై అధికారి అడిగితే పేజీ చూపించండి.

ఏసీ అనాలిసిస్ కొలతల విషయంలో ఇంకో జాగ్రత్త. ఎల్‌టీస్పైస్ ఏసీ విలువను డెసిబెల్స్, డిగ్రీలుగా బ్రాకెట్లో జతగా రాస్తుంది. 0.707 అన్నది మైనస్ 3.01 డీబీగా కనబడుతుంది. స్క్రిప్టు రాసినవాడు ఆ జతలో మొదటి అంకెను వోల్టులనుకున్నాడంటే ఆ పైన చేసిన లెక్కంతా గాలికి పోయినట్టే. చేత్తో రాసేవాడు పక్కనున్న డీబీ అన్న రెండక్షరాలు చూడకుండా ఉండలేడు. అంతటితో ఆపొద్దు. సెమీలాగ్ షీటు తీసుకుని ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ మీరే గీయండి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివిన ప్రతివారూ ఆర్‌సీ కపుల్డ్ యాంప్లిఫయర్‌కు ఆ షీటు మీద గీత గీసినవారే. అబ్జర్వేషన్ బుక్కులో రాసి, మాస్టారి సంతకం పెట్టించుకుని, రికార్డులోకి ఎక్కించి, వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన ప్రశ్నకు ఆ గీత మీద వేలు పెట్టి జవాబు చెప్పినవారే. ఉద్యోగం రాగానే ఆ అలవాటును చిన్నతనంగా చూస్తున్నారు. నా మటుకు అది నాలుగేళ్ల చదువులో దొరికిన అన్నిటికన్నా గొప్ప అలవాటు. గీత గీస్తుంటే పాయింట్లు ఎక్కడ పలచగా ఉన్నాయో, మూడు డీబీ పడిపోయిన చోటు ఎక్కడుందో, ఎక్కడో చిన్న బుడిపె ఎందుకు లేచిందో తెలుస్తుంది. ఎల్‌టీస్పైస్‌లో స్టెప్ కొలతలను లాగ్ మీద రైట్ క్లిక్‌తో గ్రాఫ్‌గా గీయించే వీలుంది. వాడకండి.

స్పైస్ పుట్టుక చూసినా నా మాటే నిజమని తేలుతుంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ దగ్గర విద్యార్థిగా ఉన్న లారెన్స్ నేగెల్ దాన్ని రాశారు. 1973లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో అది లోకానికి పరిచయమైంది. 1975లో స్పైస్ 2 వచ్చింది. ఆ రోజుల్లో సర్క్యూట్‌ను పంచ్ కార్డుల మీద కొట్టి కట్టగా ఇచ్చేవారు. అందుకే ఈనాటికీ నెట్‌లిస్టును డెక్ అంటారు, మొదటి వరసను శీర్షికగానే చూస్తారు. జవాబు లైన్ ప్రింటర్ మీద కాగితాలుగా వచ్చేది. వేవ్‌ఫారమ్ కూడా అక్షరాలతో, చుక్క గుర్తులతో కాగితం మీదే గీసి ఇచ్చేది. ఇంజినీరు ఆ కాగితాలు బల్ల మీద పరిచి, పెన్సిల్ పట్టుకుని, ఒక్కో వరసా చూసేవాడు. లాగ్ అనేది మనిషి చదువుతాడన్న నమ్మకంతో పుట్టిన రాత. అందుకే మీరు కూడా ముఖ్యమైన లాగ్‌ను ప్రింటు తీయించండి. స్క్రీను మీద చదివితే చక్రం తిప్పుతూ కిందికి జారిపోతాం. కాగితం జారదు.

నేషనల్ సెమీకండక్టర్‌లో పనిచేసిన బాబ్ పీజ్ స్పైస్‌నే నమ్మలేదు. ఎలక్ట్రానిక్ డిజైన్ పత్రికలో తన శీర్షికలో దాని మీద గట్టిగానే రాశారు. అసలు సర్క్యూట్‌ను టంకం పెట్టి కట్టి చూడాలన్నది ఆయన పట్టు. నేను అంత దూరం పోను. సిమ్యులేటర్ కావాలి. అది చెప్పింది ఒక మనిషి చదవాలి, అంతే.

స్క్రిప్టు తప్పు చేయదు, చెయ్యే తప్పు చేస్తుంది అని వాదిస్తారు. 3.30ని 3.03 అని రాసే ప్రమాదం నిజమే. దానికే ఇద్దరు కూర్చోవాలన్నాను. స్క్రిప్టు మాత్రం తప్పు చేయదన్నది ఒప్పుకోను. ఎల్‌టీస్పైస్ వెర్షన్లను బట్టి టెక్స్ట్ ఎన్‌కోడింగ్ మారుతూ వచ్చింది. ఫైలు యూటీఎఫ్ 16లో ఉంటే ఇంగ్లిషు అక్షరానికి అక్షరానికి మధ్య ఒక సున్నా బైటు ఉంటుంది. మామూలు టెక్స్ట్ వెతుకులాట దానిలో కొలత పేరును పట్టుకోలేక, ఏమీ లేదని నిశ్శబ్దంగా తిరిగొస్తుంది. డిగ్రీ గుర్తు ఒక్కో ఎన్‌కోడింగ్‌లో ఒక్కోలా ఉండి దాని దగ్గరే ప్రోగ్రాము పడిపోతుంది. మంచి లైబ్రరీలు ముందు ఎన్‌కోడింగ్ కనిపెట్టి తర్వాత చదువుతాయి. కానీ మీరు అరగంటలో రాసుకున్న స్క్రిప్టుకు ఆ తెలివి ఉండదు. ఎన్‌జీస్పైస్‌తో ఇంకో చిక్కు: బ్యాచ్ పద్ధతిలో నడుపుతూ వేవ్‌ఫారమ్‌లను రా ఫైల్లోకి పంపమంటే మెజర్ ఆదేశాలు పనిచేయవు. లాగ్‌లో కొలతే ఉండదు, స్క్రిప్టుకు అదెందుకు లేదో తెలియదు. ఐఐటీ బాంబే ఫోస్సీ బృందం ఎన్‌జీస్పైస్ మీద కట్టిన ఈసిమ్‌ను మన కాలేజీ పిల్లలు ఉచితంగా వాడుకోవచ్చు. వాడండి. నోటుబుక్కు పక్కన పెట్టుకుని వాడండి.

ఎత్తిరాసిన తర్వాత లాగ్ ఫైలు తీసేయండి. ఇది వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. ఎల్‌టీస్పైస్ మళ్లీ రన్ వేస్తే అదే పేరుతో ఉన్న పాత లాగ్ మీదే కొత్తది రాసేస్తుంది, లాగ్‌లను తనంతట తాను తీసేసే ఆప్షన్ కూడా అందులో ఉంది. కాబట్టి అదేదో శాశ్వతమైన పత్రమని అనుకోవద్దు. సర్క్యూట్ ఫైలూ, మోడల్ ఫైళ్లూ భద్రంగా ఉంచండి. అవి ఉంటే లాగ్ మళ్లీ పుడుతుంది. లాగ్ ఉంది కదా, తర్వాత చూడొచ్చులే అన్న ధీమా ఉన్నంతకాలం కన్ను సరిగా చూడదు. తీసేస్తానని తెలిస్తే ఒక్క వరస కూడా వదలకుండా చదువుతారు.

ఆఫీసులో ఒప్పుకోరు, గడువులు ఉన్నాయి, వందల కొలతలున్న బ్లాకులు ఉన్నాయి అంటారు. హైదరాబాద్, బెంగళూరు డిజైన్ సెంటర్లలో పనిచేసే మన పిల్లల నుంచి నేను వినే మాట ఇదే. వందల కొలతలు పెట్టుకున్నదే తప్పు. ఒక బ్లాకుకు ఎనిమిది కొలతలు చాలు. ఆ ఎనిమిదీ ఏవని నిలదీసి అడిగితే టీములో ఎవరికీ వెంటనే జవాబు తోచదు; అసలు చర్చ అక్కడ మొదలవుతుంది. గడువు గురించి: తయారీకి పంపిన తర్వాత తప్పు బయటపడితే పోయేది వారాలు కాదు, నెలలు. దాని ముందు ఎత్తిరాసిన మధ్యాహ్నాలు ఏపాటి?

పై అధికారులకు కూడా ఒక మాట. రివ్యూలో ఎక్సెల్ షీటు అడగకండి, నోటుబుక్కు అడగండి. మూడో గడిలో ఊహించిన విలువ ఉందా, ఆరో గడిలో ఎర్ర సిరా ఉందా చూడండి. ఎర్ర సిరా అసలే లేని నోటుబుక్కును వెనక్కి ఇచ్చి, లాగ్ మళ్లీ చదివి రమ్మనండి. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకూ, స్క్రిప్టుల నిర్వహణకూ పెట్టే డబ్బులో కొంత తీసి స్టేషనరీకి పెట్టండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఆరు నెలలు ఏ ఆటోమేషనూ ఇవ్వకండి. ఆ తర్వాత కూడా వాళ్లే అడిగితే తప్ప ఇవ్వకండి.

ఇక ఈ సలహాలు చదివిన మీకు నా విన్నపం. ఈ రోజు మీ కంప్యూటర్లో ఉన్న ఆఖరి సిమ్యులేషన్ లాగ్ తెరవండి. మొదటి వరస నుంచి చివరి వరస దాకా, సమయం ఎంత పట్టిందో చెప్పే వరసతో సహా, ఒక తెల్ల కాగితం మీద చేత్తో రాయండి. మీకు అర్థం తెలియని వరసల పక్కన గుర్తు పెట్టండి. ఆ గుర్తులన్నిటికీ జవాబు దొరికిన తర్వాతే తర్వాతి రన్ వేయండి.